గోడకు సగం ఎత్తు ప్యానెలింగ్: ముందు లెక్క, తర్వాతే రంపం

గోడ కింది భాగానికి పట్టీలతోనో పలకలతోనో చేసే అలంకరణే ప్యానెలింగ్. పేరుకు సగం గోడ ప్యానెలింగే గానీ, గోడను సరిగ్గా సగానికి కోసే ఎత్తులో పెడితే గది బాగుండదు. పైభాగం, కిందిభాగం పోటీ పడుతున్నట్టు కనిపించి గది కురచబారుతుంది. నేల నుంచి గోడ ఎత్తులో మూడో వంతు దగ్గర పై పట్టీ (ప్యానెలింగ్ పై అంచున అడ్డంగా వేసేది) వస్తే కంటికి కుదురుగా ఉంటుంది. సీలింగ్ 270 సెంటీమీటర్లయితే 90, అది 240 అయితే 80. మెట్ల దారి, పొడవాటి హాలు లాంటి చోట్ల మూడింట రెండు వంతుల దాకా తీసుకెళ్లినా నప్పుతుంది. కిటికీ కింది అంచు దగ్గరలోనే ఉంటే మాత్రం ఈ లెక్కను పక్కనపెట్టి, పట్టీని ఆ అంచుతో కలిపేయండి. రెండింటి మధ్య నాలుగైదు సెంటీమీటర్ల తేడా మిగిలితే కొలత తప్పినట్టే కనిపిస్తుంది.

ఇంట్లో సొంతంగా చేసుకోడానికి అన్నిటికంటే సులువైనది బీడింగ్ చట్రాల పద్ధతి. పైన అడ్డంగా పై పట్టీ, కింద నేల వెంట స్కర్టింగ్ పట్టీ, మధ్యలో గోడ మీదే బీడింగ్‌తో, అంటే గాడులున్న సన్నని పట్టీలతో, చట్రాలు. వెనక పలక ఉండదు. అంతా ఒకే రంగు పడేసరికి చెక్క పలకలు దించినట్టే ఉంటుంది. గోడ బాగా ఎగుడుదిగుడుగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, ప్రతి పల్లం దగ్గరా బీడింగ్ వెనక సందు కనిపిస్తుంది. అలాంటి గోడకు ముందు పుట్టీతో చదును చేయించడమో, పలకలు బిగించడమో చేయాలి.

గోడ తడి సంగతి ముందే తేల్చుకోండి. పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు వైపులా టేపుతో మూసి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు చెమ్మ పడితే ఆ గోడ జోలికి వెళ్లొద్దు, ముందు చెమ్మకు కారణం వెతకాలి. రంగు పెచ్చులు లేచిన చోట గీకేయండి. చేత్తో రుద్దితే పొడి రాలే గోడ మీద ఎంత మంచి జిగురైనా నిలవదు, ఎందుకంటే జిగురు పట్టుకునేది ఆ పొడినే.

ఇక అసలు పని, లెక్క. సెంటీమీటర్లలోనే కొలవండి. అంగుళాల్లో అయితే భాగహారం దగ్గర భిన్నాలు వచ్చి తికమక పెడతాయి. సూత్రం ఇదీ: చట్రాల సంఖ్యకు ఒకటి కలిపి, దాన్ని ఖాళీతో (చట్రాల మధ్యా, రెండు చివర్లా వదిలేది) గుణించి, గోడ పొడవులోంచి తీసేయండి. మిగిలినదాన్ని చట్రాల సంఖ్యతో భాగిస్తే ఒక్కో చట్రం వెడల్పు వస్తుంది.

360 సెంటీమీటర్ల గోడ, 8 సెంటీమీటర్ల ఖాళీ అనుకుందాం. 5 చట్రాలైతే ఒక్కోటి 62.4, 6 అయితే 50.6 పైచిలుకు. ఏది ఎంచుకోవాలో ఎత్తు చెబుతుంది. పై పట్టీ 90 దగ్గర, దాని వెడల్పు 7, స్కర్టింగ్ 10 పోతే మిగిలేది 73. పైనా కిందా 8 చొప్పున తీసేస్తే చట్రం ఎత్తు 57. వెడల్పు 62 అయితే చట్రం అడ్డంగా పడుకున్నట్టుంటుంది, 50.6 అయితే నిలువుగా నిలబడుతుంది. గదికి ఎత్తు తెచ్చేది నిలువు చట్రమే కాబట్టి 6 పెట్టండి. 50.6 చొప్పున కోస్తే మిగిలే 4 మిల్లీమీటర్లను రెండు చివర్లకూ పంచేస్తే ఎవరి కంటా పడదు. పక్క గోడ 240 అయితే 4 చట్రాలతో ఒక్కోటి 50 వస్తుంది, ఆ తేడా ఫరవాలేదు. గది మొత్తంలో ఖాళీ మాత్రం మారకూడదు, కన్ను పట్టేది దాన్నే.

కోసే ముందు మాస్కింగ్ టేపుతో చట్రాలన్నీ గోడ మీద వేసి చూడండి. స్విచ్‌బోర్డులు ఎక్కడ పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. బోర్డు పూర్తిగా చట్రం లోపలైనా ఉండాలి, ఖాళీలోనైనా ఉండాలి. బీడింగ్ దాన్ని కోస్తూ పోతే చట్రాల సంఖ్య మార్చి లెక్క మళ్లీ వేయండి. బోర్డుకు నేరుగా పైనా కిందా గోడలో వైర్లు ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ మేకు గానీ డ్రిల్ గానీ వద్దు, జిగురు చాలు.

ఒక్కో చట్రం చుట్టుకొలత 215 సెంటీమీటర్లు. 240 సెంటీమీటర్ల బీడింగ్ కర్ర ఒకటి ఒక చట్రానికి సరిపోతుంది. ఆరింటికి ఏడు కొనండి. పొడి గదులకు ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే పలక) నునుపుగా, చవగ్గా ఉంటుంది. నీళ్లు తగిలే చోట దాని కోసిన అంచులు ఉబ్బిపోతాయి, ఉబ్బినది మళ్లీ తగ్గదు. బాత్రూమ్ పక్క గోడలకు, రోజూ తడిగుడ్డతో తుడిచే నేల దగ్గరి స్కర్టింగ్‌కు పీవీసీ ప్లాస్టిక్ మేలు. ఏ చెక్కయినా బిగించే ముందు రెండు రోజులు అదే గదిలో పడుకోబెట్టి ఉంచండి.

చట్రం మూలల్లో కోత 45 డిగ్రీలు. కొలత ఎప్పుడూ బయటి అంచున, మొన నుంచి మొనకు. చట్రాన్ని గోడ మీద ముక్కముక్కగా అతికించకుండా బల్ల మీద జిగురుతో కట్టి, ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా కొలవండి. 50.6 వెడల్పు, 57 ఎత్తు చట్రానికి రెండు కర్ణాలూ 76.2 రావాలి. రెండూ సమానం కాకపోతే చట్రం వాలింది, జిగురు ఆరకముందే నొక్కి సరిచేయండి.

గది మూలలో పై పట్టీలు కలిసే చోటే చాలామంది దెబ్బతింటారు. గోడలు కచ్చితంగా 90 డిగ్రీల్లో కలవడం అరుదు. మూల 92 ఉందనుకోండి, సగం 46 కదా అని కోణం గుర్తులున్న రంపాన్ని 46కు తిప్పితే సందు ఇంకా పెరుగుతుంది. రంపం మీద సున్నా అంటే నిలువు కోత కాబట్టి 90లోంచి 46 తీసేసి 44కు పెట్టాలి. ముందు పనికిరాని ముక్కల మీద కోసి ఆనించి చూడండి.

పై పట్టీకి నేల నుంచి చోటుచోటా కొలిచి గీత గీయకండి, నేల వాలు పట్టీలోకి వచ్చేస్తుంది. నేల ఎత్తుగా ఉన్న చోట ఒక్కసారి కొలిచి, అక్కడి నుంచి రసమట్టంతోనో లేజర్‌తోనో గీత లాగండి. ఇటుక, కాంక్రీటు గోడల్లో సన్నమేకులు నిలవవు. పై పట్టీకి 50–60 సెంటీమీటర్లకొక ప్లగ్గు, స్క్రూ వేసి తలను లోపలికి దించండి. చట్రాలకు నిర్మాణ పనులకు వాడే జిగురు, అది ఆరేదాకా టేపు. జిగురు అంటుకునే చోట రంగును 120 నంబరు గరుకు కాగితంతో రుద్దడం మరవకండి. 8 సెంటీమీటర్ల చెక్కముక్క ఒకటి కోసి పెట్టుకుంటే ఖాళీ కోసం ప్రతిసారీ కొలత టేపు పట్టనక్కర్లేదు.

స్క్రూ గుంతలకు చెక్క పుట్టీ, గోడకూ చెక్కకూ మధ్య సందుకు అక్రిలిక్ సీలెంట్. వీటిని తారుమారు చేయకూడదు. సీలెంట్ ఆరితే కుంగి గుంత మళ్లీ తేలుతుంది, పుట్టీ సందులో పగులుతుంది. సిలికాన్ సీలెంట్ అసలే వద్దు, దాని మీద రంగు పట్టదు. ఎండీఎఫ్ కోసిన అంచులు ప్రైమర్‌ను పీల్చేస్తాయి. వాటికి రెండు పూతలు వేసి, మధ్యలో 220 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఆ తర్వాత పట్టీ, బీడింగ్, చట్రాల లోపలి గోడ, ఖాళీలు అన్నిటికీ ఒకే డబ్బాలోని శాటిన్ (కొద్దిపాటి మెరుపుండే) రంగు రెండు పల్చటి పూతలు వేయండి. బీడింగ్ గాడుల్లోకి బ్రష్, చదునైన చోట చిన్న రోలర్. ముందు బ్రష్ పని ముగించి, అంచులు ఆరకముందే రోలర్ తిప్పితే చారలు పడవు.