జాంబియా ఫీల్డ్ ట్రిప్‌కి బయల్దేరే ముందు

పాస్‌పోర్టు గడువు ఇంకా 6 నెలలు ఉండాలి, ఖాళీ పేజీలు చూసుకోండి.

నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా 10 రోజుల ముందే వేయించుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో ఉండాలి.

మలేరియా మాత్రలే అసలు సంగతి. డాక్టర్ని అడిగి వెళ్లేముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడాలి. ఇంటికి రాగానే చాలామంది మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు. వచ్చాక నెలలు గడిచాక జ్వరమొచ్చినా సరే, ఎక్కడికెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి.

డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్లండి; పాతవి, నలిగినవి చాలాచోట్ల తీసుకోరు.

ప్లగ్గు చదరపు మూడు పిన్నులది, మన చార్జర్‌కి అడాప్టర్ కావాలి. కరెంటు కోతలుంటాయి, పవర్ బ్యాంకు, టార్చి తప్పనిసరి.

రాజధాని లుసాకా నుంచి తూర్పున ఉన్న చిపాటా పట్టణం దాదాపు 570 కి.మీ. తెల్లవారకముందే లేచినా పర్లేదు గానీ చీకటి పడ్డాక కారెక్కొద్దు. లైట్లు లేని లారీలు, రోడ్డు మీద నడిచే మనుషులు, పశువులు. మీటింగ్ ఆలస్యమైతే రాత్రికి అక్కడే ఉండిపోండి.

కలవగానే పని మొదలెట్టకండి. ముందు "ములి బ్వాంజీ" (ఎలా ఉన్నారు?) అని పలకరించండి. న్‌షిమా (మొక్కజొన్న పిండితో చేసే గట్టి ముద్ద) పెడితే చేత్తోనే తినండి, మనకది కొత్తేం కాదుగా!

ఊరగాయ సీసా గట్టిగా ప్యాక్ చేయండి.