పండగ సెలవుల్లో ఉద్యోగ వేట ఇలా సాగించండి
ఈ ఏడాది మా దగ్గర ట్రైనింగ్ తీసుకున్నవాళ్లలో ఎక్కువగా కనిపించిన ఇబ్బంది ఒకటే, పని బాగా వచ్చు కానీ చేసిన పని గురించి చెప్పుకోవడం రాదు. అందుకే సెలవుల్లో ముందు రెజ్యూమె తెరవండి. "కస్టమర్ సర్వీస్ చూశాను" అని ఉంటే కొట్టేసి, రోజుకు ఎన్ని కాల్స్ తీసుకున్నారో, ఏ సమస్య ఎలా తీర్చారో రాయండి. ఇంటర్వ్యూ కోసం స్టార్ పద్ధతిలో, అంటే పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసింది, వచ్చిన ఫలితం అనే వరుసలో రెండు మూడు అనుభవాలు పైకి చెబుతూ ప్రాక్టీస్ చేయండి, మనసులో అనుకుంటే చాలదు. ఏడాది చివర్లో కంపెనీల నుంచి జవాబులు ఆలస్యమవుతాయి, దాన్ని రిజెక్షన్ అనుకుని టెన్షన్ పడకండి. బంధువులు ఉద్యోగం సంగతి అడిగితే తప్పించుకోకుండా ఎలాంటి పని వెతుకుతున్నారో స్పష్టంగా చెప్పండి, చాలా ఉద్యోగ ఖాళీల సంగతి పరిచయస్తుల ద్వారానే తెలుస్తుంది. పండగ రోజు మాత్రం అప్లికేషన్ల జోలికి వెళ్లకండి.