దోమకాటు వైరస్ జ్వరాలున్న దేశాలకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

డెంగీ, చికున్‌గున్యా, జికా, పసుపు జ్వరం వ్యాప్తికి ముఖ్య వాహకం ఏడిస్ ఈజిప్టై దోమ. తడి ఆరినా నెలల తరబడి బతికే ఏడిస్ గుడ్లు పాత టైర్ల లోపలి అంచుకు అంటుకుని, ఓడల్లో ఖండాలు దాటాయి.

పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ధ్రువపత్రం ఆ గడువు తర్వాతే చెల్లుతుంది.

గర్భిణులు జికా వ్యాప్తిలో ఉన్నచోటికి ప్రయాణం మానుకోవడమే మేలు, ఎందుకంటే ఆ వైరస్ గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. లైంగికంగానూ సోకుతుంది కనుక భర్త ఒక్కడే వెళ్లివచ్చినా ప్రసవం వరకు జాగ్రత్త తప్పదు.

నిండు చేతుల దుస్తులు, దోమలను దరిచేరనీయని డీట్ అనే రసాయనం ఉన్న లేపనం సర్దుకోవాలి. సన్‌స్క్రీన్ వాడేవారు ముందు దాన్ని రాసుకుని, ఆపైన లేపనం పూసుకోవాలి. దోమతెర రాత్రికే అనుకోవడం పెద్ద పొరపాటు. ఈ దోమ పగలే, ముఖ్యంగా ఉదయం, సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. పగలు నిద్రపోయే పసిపిల్లలకు తెర తప్పనిసరి.

మందుల సంచిలో జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే ఉంచుకోవాలి. డెంగీలో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావ ముప్పును పెంచుతాయి.

తిరిగొచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే, వెళ్లిన దేశం పేరు వైద్యుడికి ముందే చెప్పాలి.