బోరు పాఠాలు – 4: నీళ్లెన్ని, ఇసుకెంత?

గత పాఠంలో కేసింగ్ (బోరు పై భాగం కూలకుండా దించే గొట్టం) దించి బండలో కూర్చోబెట్టేదాకా వచ్చాం. ఈసారి బోరు అసలు దిగుబడి లెక్కగట్టడం, ఇసుక వస్తుంటే అది ఎక్కడిదో పట్టుకోవడం నేర్చుకుందాం. 200 లీటర్ల డ్రమ్ము, గడియారం, ప్రెషర్ గేజి, సైకిల్ పంపు, నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి.

దేవరకొండ, కల్వకుర్తి వైపు చాలా చోట్ల పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు బండ. బండలో నీళ్లుండేది పగుళ్లలోనే. ఆ పగుళ్ల నుంచి ఊరినవే ఆరున్నర అంగుళాల వెడల్పు బోరు గుంతలో నిలబడి ఉంటాయి. పైపు, కేబుల్ ఆక్రమించింది పోను అడుగుకు సుమారు 6 లీటర్లు. మోటరు మీద 300 అడుగుల నీళ్లుంటే 1,800 లీటర్లు. నిమిషానికి 60 లీటర్లు పోసే మోటరుకు అది అరగంట పని. అంటే పగుళ్ల నుంచి చుక్క ఊరకపోయినా అరగంట సేపు పైపు నిండుగా పోస్తుంది! అంతమాత్రం చూసి ‘రెండించుల నీళ్లు’ అని చెప్పి, ఆ మాట మీద ఐదెకరాల బత్తాయి పెట్టించడం రైతుకు చేసే అన్యాయం. పోసే నీళ్లతో పాటు లోపలి నీటిమట్టాన్ని కూడా కొలవాల్సిందే.

మోటరు దించేటప్పుడే సన్నటి నైలాన్ ట్యూబును పైపు వెంట పది అడుగులకోచోట టేపు చుట్టి దించండి. ట్యూబు కొస మోటరుకు ఐదారు అడుగుల పైన ఆగాలి. ఆ కొస ఎన్ని అడుగుల లోతులో ఉందో రాసిపెట్టుకోండి, అది లేకపోతే తర్వాత ఏ లెక్కా రాదు. పై కొసకు టీ జాయింట్ పెట్టి, ఒకవైపు గేజి, ఇంకోవైపు సైకిల్ ట్యూబు వాల్వు బిగించండి. గాలి కొడుతూ పోతే సూది పెరిగి పెరిగి ఒకచోట ఆగుతుంది. ట్యూబులోని నీళ్లన్నీ బయటికి పోయి, కింది కొస నుంచి గాలి బుడగలు వస్తున్నాయన్నమాట. ఆ పీఎస్ఐ (చదరపు అంగుళం మీద పౌండ్లలో ఒత్తిడి) అంకెను 2.31తో గుణిస్తే కొస మీద ఎన్ని అడుగుల నీళ్లున్నాయో తెలుస్తుంది. కొస 250 అడుగుల్లో ఉండి గేజి 60 పీఎస్ఐ చూపితే, పైన 139 అడుగుల నీళ్లు, మట్టం నేల నుంచి 111 అడుగుల కింద. గాలి కొట్టడం ఆపగానే సూది దిగిపోతుంటే జాయింట్ లీకవుతోంది, సబ్బు నురగ పూసి చూడండి. నీళ్లు మరీ ఎక్కువున్న బోరుకు సైకిల్ పంపు చాలదు, పంక్చర్ షాపులో ఉండేలాంటి చిన్న కంప్రెసర్ కావాలి.

పరీక్షకు ముందు రాత్రంతా మోటరు ఆపి ఉంచాలి, పక్క చేను బోరు కూడా. పొద్దున మట్టం రాసుకుని స్టార్టర్ నొక్కండి. మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి, గంట వరకు ఐదు నిమిషాలకోసారి, ఆ తర్వాత పావుగంటకోసారి గేజి చూడాలి. మధ్యమధ్య డ్రమ్ము నిండే సమయం కూడా రాయాలి.

డ్రమ్ము రెండున్నర నిమిషాల్లో నిండితే నిమిషానికి 80 లీటర్లు. అదే సమయంలో మట్టం నిమిషానికి ఐదు అడుగులు దిగుతుంటే, అందులో 30 లీటర్లు గుంతలో నిల్వున్నవి. పగుళ్లు ఇస్తున్నది 50 మాత్రమే. సూది గంట సేపు కదలకుండా నిలిస్తే, అప్పుడు పోసేదే అసలు దిగుబడి. ఇందుకు కనీసం ఆరు గంటలు ఓపిక పట్టాలి. మధ్యలో పైపు గాలి కక్కడం మొదలైతే వెంటనే ఆపేయండి. సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే.

ఆపాక ఇంటికి పోవద్దు. మట్టం పైకొచ్చే వేగం కూడా దిగుబడినే చెబుతుంది: నిమిషానికి నాలుగు అడుగులు లేస్తే 24 లీటర్లు ఊరుతున్నట్టు. మట్టం పైకొస్తున్న కొద్దీ ఊట మందగిస్తుంది కాబట్టి మొదటి పది నిమిషాల అంకెలనే నమ్మండి. ఈ పరీక్ష వానలు వెలిసిన అక్టోబరులో చేస్తే యాసంగి చివరికి పనికిరాదు. ఏప్రిల్, మే అంకెలను బట్టే పంట వేసుకోవాలి.

ఇక ఇసుక. పదిహేను నిమిషాలప్పుడు, గంటప్పుడు, చివర్లో ఒక్కో డ్రమ్ము పట్టి తేర్చండి. అడుగున మిగిలింది ఆరబెట్టి తూచండి. వెయ్యి లీటర్లకు 50 గ్రాములు దాటితే పంపులోని ఇంపెల్లర్లు (తిరుగుతూ నీళ్లను పైకి తోసే చక్రాలు) త్వరగా అరుగుతాయి. డ్రమ్ముకైతే 10 గ్రాములు, టీ చెంచా కంటే కాస్త ఎక్కువ.

బూడిదరంగు పొడి వస్తూ రోజురోజుకూ తగ్గుతుంటే అది డ్రిల్లింగు పొడి. మోటరు లేపి కంప్రెసర్‌తో ఫ్లషింగ్ (గాలి ఊది బోరు కడగడం) చేయిస్తే పోతుంది. గాలిపైపును ఒక్కసారే అడుగుకు దించొద్దు, పేరుకున్న పొడిలో ఇరుక్కుంటుంది. కొంచెం దించి ఊదడం, ఆపడం, నీళ్లు తేరాక ఇంకొంచెం దించడం. ఎర్రమట్టి, అభ్రకం తళుకులు వస్తుంటే, వాన పడ్డప్పుడు పెరుగుతుంటే కేసింగ్ గట్టిబండలో కూర్చోలేదు, లేదా జాయింట్ పగిలింది. దీనికి ఎన్ని ఫ్లషింగులు చేయించినా దండగే. కేసింగ్‌ను సరిచేసి, అడుగున సందు మూయించాలి.

మూడో రకం చాలామంది కంట పడదు. మొదట తేటగా పోసి, మట్టం ఒక లోతు దాటాకే ఇసుక మొదలవుతుంది. పగులులో నీటి వేగం పెరిగి అందులోని మెత్తటి పొడిని లాక్కొస్తోందన్నమాట. గేట్ వాల్వు కొంచెం కొంచెం తిప్పి నీళ్లు తగ్గించండి, ఇసుక ఆగినచోట గుర్తు పెట్టండి. ఇసుక పోసే చమురు బావుల్లోనూ చోక్ అనే సన్నదారి వాల్వు బిగించి ప్రవాహం తగ్గించడం ఉన్న పద్ధతే. వాల్వును పూర్తిగా మూసి మాత్రం మోటరు నడపొద్దు.

అభ్యాసం: ట్యూబు కొస 320 అడుగుల్లో ఉంది. గేజి 70 నుంచి పది నిమిషాల్లో 60కి దిగింది. డ్రమ్ము నాలుగు నిమిషాల్లో నిండింది. పగుళ్ల నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయి? జవాబు 36 దగ్గరికి రావాలి. 50 వస్తే గుంతలో నిల్వ తీసేయడం మరిచిపోయారు.