రోడ్డు తవ్వకాలు, ప్రమాదాలు ఒకే పటంపై: పురపాలక ఇంజినీరింగ్ సిబ్బందికి మార్గదర్శిక

పట్టణంలో రోడ్డును ఏడాది పొడవునా ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు. తాగునీటి పైపులైను, భూగర్భ డ్రైనేజీ, విద్యుత్ కేబుల్, ఇంటర్నెట్ ఫైబర్, గ్యాస్ పైపు, ఇలా ఒక్కో పనికి ఒక్కో దస్త్రం నడుస్తుంది. అదే రోడ్డుపై జరిగిన ప్రమాదాల వివరాలు మాత్రం పోలీస్ స్టేషన్‌లో ఉంటాయి. ఈ రెండూ ఒకచోట చేరనంత కాలం, ఏ రోడ్డును ముందు బాగుచేయాలన్న నిర్ణయం ఎవరు గట్టిగా అడిగారన్న దాన్ని బట్టే జరుగుతుంది. వాటిని ఒకచోట చేర్చడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. చిన్న మున్సిపాలిటీకి ఒక ఎక్సెల్ షీటు, ఉచితంగా దొరికే ఒక డిజిటల్ పటం చాలు.

ముందుగా ప్రతి రోడ్డునూ కూడలి నుంచి కూడలికి ఒక ముక్కగా విడదీసి, ఆ ముక్కకు ఒక నంబరు ఇవ్వాలి. వాడుకలో ఒకే రోడ్డుకు రెండు మూడు పేర్లు ఉంటాయి కాబట్టి, పేరుపై ఆధారపడి లెక్క కడితే ఒకే చోట జరిగిన సంఘటనలు వేర్వేరు చోట్ల జరిగినట్లు కనిపిస్తాయి.

తర్వాత రోడ్డు కటింగ్ రిజిస్టరు. తవ్వే సంస్థ, మొదలు, చివర స్థానాల అక్షాంశ రేఖాంశాలు, కందకం పొడవు, వెడల్పు, లోతు, అనుమతి గడువు వంటివి చాలా కార్యాలయాల్లో ఇప్పటికే రాస్తున్నారు. ఎక్కువగా ఖాళీగా మిగిలేవి రెండు గడులు: మట్టితో తాత్కాలికంగా పూడ్చిన తేదీ, తారు లేదా సిమెంటు కాంక్రీటుతో శాశ్వతంగా పునరుద్ధరించిన తేదీ. ఈ రెండు తేదీల మధ్య కాలమే అసలు ప్రమాదకరమైనది. పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టి గట్టిపరచకుండా పూడ్చిన మట్టి మొదటి వానకే కుంగిపోతుంది. నీళ్లు నిలిచాక దాని లోతు ద్విచక్ర వాహనదారుడికి తెలియదు. అందువల్ల ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపి రాయకూడదు. ఇంగ్లండ్‌లో 2020 జూలై నుంచి తవ్వే సంస్థలు తమ పనుల వివరాలను స్ట్రీట్ మేనేజర్ అనే ఉమ్మడి డిజిటల్ వ్యవస్థ ద్వారా స్థానిక సంస్థలకు తెలపడం తప్పనిసరి. మన దేశంలో 2023 మార్చిలో వచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్, తవ్వబోయే చోట భూమిలో ఆస్తులున్న సంస్థలకు ముందుగా సమాచారం చేరవేస్తుంది. అనుమతి దరఖాస్తుతో పాటు ఆ యాప్‌లో నమోదు చేసిన ఆధారాన్ని కూడా అడగడం మంచిది.

ప్రమాదాల సమాచారానికి కేంద్రం నడుపుతున్న ఈ-డార్ వ్యవస్థ ప్రధాన ఆధారం. అందులో పోలీసులు ఘటనాస్థలి వివరాలను నమోదు చేస్తే, ఆ రోడ్డు ఏ సంస్థదైతే ఆ సంస్థ ఇంజినీరు స్థలాన్ని పరిశీలించి రోడ్డు స్థితిని నమోదు చేయాలి. ఈ పరిశీలనను వాయిదా వేస్తే గుంత పూడిపోతుంది, ఆధారం మిగలదు. అలాగే గుంతలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవారిలో చాలామంది పోలీసుల దగ్గరకు వెళ్లరు. కాబట్టి 108 సిబ్బంది నుంచి, ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగం నుంచి నెలకోసారి స్థలం, సమయం, గాయం తీరు మాత్రమే తీసుకోవాలి. పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు. ‘బస్టాండ్ దగ్గర’ అని రాసిన స్థలం పటంపైకి ఎక్కదు. చాలాచోట్ల విద్యుత్ స్తంభాలపై నంబర్లు ఉంటాయి గనుక, సమీప స్తంభం నంబరు రాయడం ఫోన్ సిగ్నల్ లేనిచోట కూడా పనికొచ్చే పద్ధతి.

ఈ సమాచారాన్ని చదవడంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. జాతీయ రహదారులపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలకు దారితీసిన ప్రమాదాలు 5 జరిగినా, మొత్తం 10 మంది మరణించినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తూ వచ్చారు. ఆ కొలతను వార్డు వీధులకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదని నా అభిప్రాయం. అక్కడ అంతమంది మరణించే దాకా ఆగడమంటే ఆ కుటుంబాలకు అన్యాయం చేయడమే. వీధులకు మూడేళ్ల చిన్న గాయాలను కూడా కలిపి లెక్కించి, బాధితులు ఎవరు, ఏ వేళ, వెలుతురు ఉందా, అప్పటికి అక్కడ తెరిచి ఉన్న కందకం ఏదైనా ఉందా అని చూడాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు, 19.5 శాతం పాదచారులు. గుంతలు, ఆక్రమణకు గురైన ఫుట్‌పాత్‌లు, వెలగని వీధి దీపాలు ఎక్కువగా దెబ్బతీసేది ఈ రెండు వర్గాలనే.

కొత్త అనుమతి ఇచ్చేటప్పుడు ఈ పటాన్ని తెరిచి చూడటం నియమం కావాలి. త్వరలో కొత్తగా వేయబోయే రోడ్డయితే, తవ్వాల్సిన సంస్థలన్నింటినీ ముందే పిలిచి పనులు పూర్తి చేయించి, తర్వాత కొంతకాలం కటింగ్‌కు అనుమతి నిలిపివేయాలి. బడులు తెరిచే వారం, వానాకాలం, వినాయక నిమజ్జన ఊరేగింపు మార్గం వంటివి కూడా పటంపై గుర్తించి ఉంచాలి. పనిచోటు భద్రతకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఎస్పీ 55 ప్రమాణం ముందస్తు హెచ్చరిక, మళ్లింపు, పని, ముగింపు అనే నాలుగు భాగాలను సూచిస్తుంది. రాళ్లు, చెట్టు కొమ్మలు పెట్టి వదిలేయడం హెచ్చరిక కాదు. వర్క్ ఇన్‌స్పెక్టరు రాత్రి పూట వాహనం వచ్చే వైపు నిలబడి తీసిన ఫొటోను రిజిస్టరులో జతచేయాలి. రిఫ్లెక్టివ్ బోర్డు కనిపిస్తోందా, కందకం అంచు తెలుస్తోందా, నడిచేవారికి వేరే దారి ఉందా అన్నది పగటి ఫొటోలో తేలదు. నిర్దేశిత భద్రతా ప్రమాణాలను పాటించనందువల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే, మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్ ప్రకారం సంబంధిత అధికార సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఏ ప్రమాదం జరిగినా ముందుగా వచ్చే కోరిక స్పీడ్ బ్రేకరు. బ్రేకరు వెడల్పు, ఎత్తు ఐఆర్‌సీ 99 ప్రమాణంలో చెప్పినట్లే ఉండాలి. ఇరుకుగా, నిటారుగా, రంగు వేయకుండా కట్టినది మరో ప్రమాదానికి కారణమవుతుంది. వేగమే కారణమని సమాచారం చెప్పినచోటే దాన్ని వేయాలి.

మార్పు చేశాక ఫలితాన్ని తొందరపడి ప్రకటించకూడదు. ఒక ఏడాది అనూహ్యంగా ఎక్కువ ప్రమాదాలు జరిగిన కూడలిలో, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది సంఖ్య తగ్గే అవకాశం ఉంది. అందుకే అలాంటి రద్దీ ఉండి, మార్పు చేయని రెండు మూడు కూడళ్లతో పోల్చి చూసి, ఆ పోలికనే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందుంచాలి. ఇంకా శాశ్వతంగా పూడ్చని కందకాల జాబితాను గడువు తేదీలతో సహా వార్డు కార్యాలయ నోటీసు బోర్డుపై ప్రతి సోమవారం పెట్టాలి. రిజిస్టరులో ‘పూర్తయింది’ అని రాసే సంతకం, ఆ చోటును ఒక వాన తర్వాత స్వయంగా చూసివచ్చిన ఉద్యోగిదే అయి ఉండాలి.