కేకు కుదరకపోతే ముందు కరెంటు, ఎండ, నీళ్లు చూడండి

అనంతపురంలో ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) కొన్న కొత్తలో కేకు కుదరకపోతే చాలామంది కొలతలనే అనుమానిస్తారు. మైదా తగ్గిస్తారు, బేకింగ్ పౌడర్ పెంచుతారు, ఇంకో వీడియో చూస్తారు. నేను చూసినంతలో కొలతల తప్పు తక్కువే. ఆ వంటకాలు రాసేవాళ్ల ఇళ్లలో వోల్టేజ్ నిలకడగా ఉంటుంది, గది చల్లగా ఉంటుంది, కుళాయిలో చల్లటి నీళ్లు వస్తాయి. మే నెలలో మన వంటింట్లో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. అందుకే పిండి జోలికి పోకముందు వీటిని చూడమంటాను.

కేకు లేవలేదు, లేదా లేచి మధ్యలో కుంగిపోయింది

అందరికన్నా ఎక్కువమంది చెప్పేది ఇదే. కేకు లేచేది మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లో. అప్పుడు వేడి చాలకపోతే పిండి గట్టిపడేలోపే గాలి బుడగలు బయటికి పోతాయి, కేకు కూర్చుంటుంది.

వేడి ఎందుకు చాలదంటే వోల్టేజ్. 1500 వాట్ల ఓటీజీ ఆ 1500 ఇచ్చేది 230 వోల్టుల దగ్గర. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్‌ను దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యి వోల్టేజ్ 190కి పడితే అదే ఓటీజీ ఇచ్చేది సుమారు 1,020 వాట్లే. వోల్టేజ్ ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు తగ్గిపోయినట్టు. డయల్ మాత్రం 180 డిగ్రీలనే చూపిస్తూ ఉంటుంది.

పరిష్కారం ఖర్చులేనిది: వేసవిలో బేకింగ్ పని పొద్దున్నే పెట్టుకోండి. ప్రీహీట్ (ఓవెన్‌ను ముందుగా వేడిచేయడం) పది నిమిషాలని వంటకంలో రాసి ఉన్నా గడియారాన్ని నమ్మకండి. ముందున్న లైటునూ నమ్మకండి, చాలా ఓటీజీల్లో అది టైమర్ నడుస్తోందని మాత్రమే చెబుతుంది. రాడ్లను చూడండి. ఎర్రగా కాలి, మొదటిసారి నల్లబడ్డాయంటే థర్మోస్టాట్ (వేడి చాలినంత కాగానే కరెంటు ఆపే భాగం) కట్ చేసిందని అర్థం. అప్పుడు టిన్ పెట్టండి. సాకెట్‌కు తగిలించే చిన్న వోల్ట్‌మీటర్ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, ఒకటి ఉంచుకోవడం మంచిది. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి మాత్రం ఓటీజీ తగిలించకండి, అది అంత లోడు మోయలేదు. రోజూ వోల్టేజ్ పడుతుంటే పక్కిళ్లవాళ్లతో కలిసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

డయల్ కూడా తప్పు చూపవచ్చు. చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రేకు కాగితం మీద ఒక చెంచా చక్కెర వేసి, ఓవెన్ బాగా కాలాక 175 దగ్గర పావుగంట పెట్టండి, కరగకూడదు. 190కి పెంచి ఇంకో పావుగంట చూడండి, కరగాలి. 175కే కరిగితే మీ ఓవెన్ వేడి ఎక్కువ, 190కీ పలుకులుగానే ఉంటే తక్కువ. ఇది ఉజ్జాయింపే. ఓవెన్ థర్మామీటర్ కొనగలిగితే ఇంకా మేలు.

వేడి సరిగ్గా ఉన్నా కుంగితే మూడు చూడండి. ముప్పావు వంతు సమయం కాకముందే తలుపు తీశారా? బేకింగ్ పౌడర్ పాతదా? (వేడినీళ్లలో అర చెంచా వేస్తే బుస్సుమని పొంగాలి.) లేవట్లేదని పౌడర్ ఎక్కువ వేశారా? ఎక్కువైనా కేకు ముందు బాగా లేచి తర్వాత కూలిపోతుంది.

మధ్యలో కరెంటు పోతే? తలుపు తీయకండి. చివరి పది నిమిషాల్లో పోతే లోపలున్న వేడికే చాలావరకు ఉడికిపోతుంది. మొదటి పావుగంటలో పోయి పది నిమిషాలు దాటినా రాకపోతే ఆ కేకు మళ్లీ లేవదు. ఉడికించుకుని పాలలో నానబెట్టి పుడ్డింగులా తినవచ్చు. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఓటీజీ నడపాలని చూడకండి.

పైన పగిలి నల్లబడింది, లోపల పచ్చిగా ఉంది

పై రాడ్ వేడి ఎక్కువైంది. చిన్న ఓటీజీలో టిన్ పై రాడ్‌కి మరీ దగ్గరగా ఉంటుంది. కింది అరలో పెట్టి, కింది రాడ్ ఒక్కటే వాడండి. పైన రంగు కావాలంటే చివరి అయిదు నిమిషాలు రెండూ వేయండి. నల్లటి టిన్ అయితే 10-15 డిగ్రీలు తగ్గించండి.

బిస్కెట్లు ట్రేలో పరుచుకుపోతున్నాయి, వెన్న, చక్కెర నురగ కట్టట్లేదు

వంటకంలో "గది వేడిలో ఉన్న వెన్న" అంటే 20 డిగ్రీల చుట్టూ ఉన్నదని. మన గది ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కూడా అంతకు దిగదు. 32 దాటితే వెన్న కరగడమే. కరిగిన వెన్నలో గాలి నిలవదు, ఎంతసేపు బీటర్ తిప్పినా నూనెలాగే ఉంటుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ముక్కలు కోసి కొద్ది నిమిషాలకే వేలితో నొక్కి చూడండి. గుంట పడాలి, మెరవకూడదు. గిన్నెను ఐసు నీళ్ల పళ్లెంలో పెట్టి బీట్ చేయండి. బిస్కెట్లు కోశాక ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఓవెన్ పూర్తిగా కాలాకే లోపల పెట్టండి. బిస్కెట్లు పరుచుకుంటున్నాయని మైదా పెంచితే రాయిలా అవుతాయి.

బన్ను పిండి పొంగలేదు, లేదా పుల్లటి వాసన వస్తోంది

పొంగకపోతే మిద్దె మీద ట్యాంకు నీళ్లు వాడారేమో చూసుకోండి. మధ్యాహ్నం ఆ కుళాయి కింద చేయి పెట్టలేం. ఈస్ట్‌కు 35-40 డిగ్రీలు చాలు, 55 దాటితే చచ్చిపోతుంది. పైగా మన బోరు నీళ్లలో ఉప్పు, క్షారం ఎక్కువ, అవి ఈస్ట్‌ను మందగింపజేస్తాయి. తాగే క్యాను నీళ్లే వాడండి.

పులుపు వాసన వస్తే పిండి ఎక్కువసేపు పొంగింది. వంటకంలో గంట అని ఉన్నా మన ఎండలో అరగంటకే రెట్టింపు కావచ్చు. ఫ్రిజ్ నీళ్లతో కలపండి, ఈస్ట్ కొంచెం తగ్గించండి, అరగంట నుంచే చూస్తూ ఉండండి. వేలితో పొడిస్తే గుంట నెమ్మదిగా, సగమే పూడాలి.

రాగి కేకు పొడిపొడిగా రాలిపోతోంది

సంగటి తినే ఇంట్లో రాగి కేకు చేయాలనిపించడం సహజం, చేయాల్సిందే కూడా. కానీ రాగుల్లో, కొర్రల్లో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ లేదు. మొదట్లో సగం రాగి, సగం గోధుమ పిండి తీసుకోండి. రాగి పిండిని మజ్జిగలో అరగంట నానబెట్టాకే మిగతావి కలపండి, గరగర పోతుంది. వేడి మీద కోయకండి, పూర్తిగా ఆరాక కోస్తే నిలుస్తుంది. గానుగ శెనక్కాయ నూనె కేకులో వాసన గట్టిగా వస్తుంది, వాసన లేని నూనె వాడండి.

ఓటీజీ ముట్టుకుంటే జిల్లుమంటోంది

అన్నిటికన్నా దీన్ని గట్టిగా పట్టించుకోండి. వెంటనే స్విచ్ కట్టేసి ప్లగ్ తీయండి. చెప్పులు వేసుకుని వాడుకుంటే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు.

కారణం రెండింటిలో ఒకటి. ఓటీజీ లోపల రాడ్ ఇన్సులేషన్ పోయి ఉండొచ్చు. రెండోది ఇంటి ఎర్త్ పనిచేయకపోవడం, మన దగ్గర దీన్ని తరచుగా మర్చిపోతాం. అనంతపురంలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ. వేసవిలో నేల లోతుగా ఎండిపోతే ఎర్త్ గుంత కరెంటును నేలలోకి సరిగ్గా పంపలేదు. అప్పుడు ఓటీజీలో చిన్న లీకేజీ ఉన్నా అది రేకు మీదే నిలుస్తుంది.

ఎండాకాలంలో ఎర్త్ గుంతలో వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు పోయండి. పాత గుంత అయితే బొగ్గు, ఉప్పు మళ్లీ వేయించండి. పాత ఇళ్లలో సాకెట్ మూడో రంధ్రానికి ఎర్త్ తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) పెట్టించండి. కేకు టిన్‌లకీ బీటర్‌కీ పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి.

ప్లగ్ కాలుతోంది, ఫ్యూజు పోతోంది

2000 వాట్ల ఓటీజీ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లోకి కన్వర్టర్ పెట్టి దూర్చడం, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించడం మానండి. వంటింట్లో 16 ఆంపియర్ల సాకెట్‌కి విడిగా తీగ లాగించండి. గీజరు, నీళ్ల మోటారు నడుస్తున్నప్పుడు ఓటీజీ వేయకండి.

శెనక్కాయ విత్తనాలు మిక్సీలో ముద్దవుతున్నాయి, మిక్సీ ఆగిపోతోంది

వేయించిన వేడి మీద కొడితే నూనె వదులుతుంది. పూర్తిగా ఆరాక, వంటకంలోని చక్కెరలో కొంత కలిపి, ఆపి ఆపి తిప్పండి. మిక్సీ దానంతట అదే ఆగితే పాడైందని టెన్షన్ పడకండి. పావుగంట ఆరనిచ్చి, ప్లగ్ తీసి, అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కండి. మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే జారు కింది కప్లర్ అరిగింది, అది మార్చడం చిన్న పని.

కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంది, నీళ్లు ఆలస్యంగా మరుగుతున్నాయి

బోరు నీళ్ల సున్నం అది. సగం నీళ్లు పోసి ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి మరిగించి, అరగంట వదిలేసి, రెండుసార్లు కడగండి. పీచుతో రుద్దితే అడుగు గీతలు పడుతుంది.