పూజ మానక్కర్లేదు, పొగ తగ్గిద్దాం: బెంగళూరు ఫ్లాట్లలో ఉండేవాళ్లకి

మారతహళ్లి, కేఆర్ పురం వైపు మనవాళ్లుండే సింగిల్ బెడ్‌రూమ్ ఇళ్లలో దేవుడి అర ఏ వంటింట్లోనో, హాల్లో మూలనో ఉంటుంది. డిసెంబరు చలికి కిటికీలన్నీ బిగించేసి పొద్దున అగరబత్తులు, శుక్రవారం సాంబ్రాణి, రాత్రి దోమల కాయిల్ వెలిగిస్తే ఆ పొగంతా ఎటు పోతుంది చెప్పండి?

దేవుడి అర పైనున్న గోడని తడిపిన తెల్లగుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకి అంటుకునే ఆ మసినే ఇంట్లో అందరూ పీలుస్తున్నారు. గ్రాము అగరబత్తి కాలితే సుమారు 45 మిల్లీగ్రాముల రేణువులొస్తాయి, అదే గ్రాము సిగరెట్‌కి 10. పైగా కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి విషవాయువులు కూడా. ప్యాకెట్ మీద హెర్బల్ అని ఉన్నా కాలితే వచ్చేది పొగే.

గుప్పెడు బదులు ఒక్కటి చాలు. వెలిగించకముందే కిటికీ, ఎదురుగా బాల్కనీ తలుపు తీసి ఉంచండి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఉంటే వేయండి. సీలింగ్ ఫ్యాన్ పొగని ఇల్లంతా తిప్పుతుందే తప్ప బయటికి పంపదు. హారతి అవ్వగానే అగరబత్తిని నీళ్లలో ముంచేయండి, ఆర్పడానికి మనసొప్పకపోతే బాల్కనీలో పెట్టండి.

పసిపిల్లల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. తలంటు పోశాక బుట్ట కింద సాంబ్రాణి పెట్టి బిడ్డ జుట్టు ఆరబెట్టడం మన అమ్మమ్మలు ప్రేమతో చేసేదే, కానీ ఇంకా ఎదుగుతున్న ఆ ఊపిరితిత్తులకి అంత దగ్గర్నుంచి పొగ పట్టించడం అస్సలు మంచిది కాదు. మెత్తటి తువ్వాలుతో తుడిస్తే ఆ కాస్త జుట్టు ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే పిల్లల డాక్టరు చేత చెప్పించండి, మనం చెప్తే వినరు.

దోమలకి కిటికీలకి మెష్, మంచానికి దోమతెర. ఒక్క కాయిల్ నుంచి వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లంత అని 2003లో పరిశోధకులు లెక్క తేల్చారు, మూసిన పడగ్గదిలో అది వద్దే వద్దు.

గాలిని శుభ్రం చేసే ప్యూరిఫైయర్ ఉందిగా అనుకోకండి, అందులో ఉండే హెపా ఫిల్టర్ ధూళిని పడుతుంది కానీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేదు, ఆ గ్యాస్‌కి వాసన కూడా ఉండదు. బొగ్గు మీద సాంబ్రాణి వేసినప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం అనిపిస్తే వెంటనే అందరూ బయటికొచ్చేయండి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే రోజూ ఏమేం వెలిగిస్తున్నారో డాక్టరుకి చెప్పండి, ఆయన అడగకపోయినా సరే.